వెనక కుడి చక్రం

ప్రశ్న అడగ్గానే జవాబు చెప్పడం యశోధరమ్మగారికి అలవాటు లేదు. సామర్లకోటలో ఆమె ఇంటి వసారాకి ఆదివారాలు ఉపనిషత్తు పాఠానికి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అడిగింది శ్రద్ధగా వినేవారు. విని, చేతిలో ఉన్న పని చూసుకునేవారు. ఒక్కోసారి ఆ పని మధ్యలోనే జవాబు దొరికేది. ఒక్కోసారి దొరికేదే కాదు.

ఆ ఆదివారం చంద్రమతి అందరికంటే ముందుగా వచ్చింది. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల కోసం ఆమె ఒక హాస్టలు నడుపుతోంది. అక్కడి వంటమనిషి పోలమ్మకి ఈమధ్య నోటికి అదుపు లేకుండా పోయింది. ముందురోజు, అన్నం చల్లారిపోయిందన్న పాపానికి ఒక పిల్ల కాళ్ళ దగ్గర గరిటె విసిరికొట్టింది. ఇక తీసెయ్యాల్సిందేనని చంద్రమతి అనుకుంది. కానీ పోలమ్మకి ఆ వంటింటి వెనక గది తప్ప తలదాచుకునే చోటు లేదు.

"అమ్మా, మనిషి గుణం మారుతుందా? లేక మనిషినే మార్చుకోవాలా?" అని అడిగింది. "చేరినప్పుడు ఎంత నెమ్మదిగా ఉండేదో! అంతకుముందు చేసిన ఇద్దరూ ఇంతే. ఏడాది తిరక్కుండా అసలు రంగు బయటపడుతుంది."

యశోధరమ్మగారు అంతా విన్నారు. "నా కారు వెనక చక్రం ఒకటే మూలుగుతోంది. బేరింగు తెచ్చి ఉంచాను. పాఠానికి ఇంకా వేళ ఉంది కదా, ఒక చెయ్యి వేస్తావా?" అన్నారు.

చంద్రమతి కాస్త చిన్నబుచ్చుకుంది. అయినా కొంగు నడుముకి దోపుకుంది. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, జాకీ మీద కారు లేపి, యశోధరమ్మగారు కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపమన్నారు. చక్రం లొడలొడలాడింది. ఎడమవైపు చక్రం మాత్రం బిగిసిన పిడికిలిలా కదలలేదు.

చక్రం విప్పి, ఇరుసు మీది పెద్ద నట్టు తీసి, బ్రేకు డ్రమ్మును బయటికి లాగారు. అందులోంచి పాత బేరింగును కొట్టి తీసేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. చంద్రమతి దాన్ని వేళ్ళతో తిప్పి చూసింది. ఇసుక నమిలినట్టు గరగరలాడింది. లోపలి గ్రీజు తుప్పు కలిసి ఎర్రబారింది.

కొత్తదాన్ని దాని చోట నిలిపి, పాతదాన్ని దాని మీద ఆనించి, యశోధరమ్మగారు సుత్తి ఆమె చేతికిచ్చారు. "బయటి అంచు మీదే దెబ్బ పడాలి. లోపలి వలయం మీద పడిందా, కొత్తదీ పోతుంది."

చంద్రమతి చుట్టూ తిప్పుతూ మెల్లగా కొట్టింది. బేరింగు కొంచెం కొంచెంగా దిగుతుంటే ఆమెకి సరదా పుట్టింది. "ఇదివరకు ఎప్పుడైనా మార్చారా?"

"రెండుసార్లు. రెండుసార్లూ ఈ చక్రానిదే."

"మరి ఎడమవైపుది?"

"కారు కొన్నప్పటిది."

చంద్రమతి చేతిలో సుత్తి ఆగింది. "కారు ఒక్కటే, దారీ ఒక్కటే. ఇదొక్కటే ఎందుకు పోతుందమ్మా?"

"సరుకు మంచిది కాదేమో అనుకుని ఈసారి వేరే కొట్లో కొన్నాను," అన్నారు యశోధరమ్మగారు. ఆ మాట అన్నాక ఎందుకో ఆమె కూడా ఆలోచనలో పడ్డారు.

అన్నీ తిరిగి బిగించారు. చక్రాన్ని తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. ఒకసారి నడిపి చూద్దామని ఇద్దరూ కారెక్కారు. గేటు దాటుతుండగా వెనక కుడివైపు ధబ్బుమని దిగబడి, నీళ్ళు పైకి చిమ్మాయి. యశోధరమ్మగారు బ్రేకు వేశారు. ఇద్దరూ దిగి చూశారు. గేటు ముందు మురుగుకాలువ మీది బండ ఒక పక్క కుంగి గుంట పడింది, వీధి కుళాయి నీళ్ళు అందులో నిలిచాయి. గేటు ఇరుకు, దాటగానే కుడికి తిరగాలి; ముందు చక్రం తప్పించుకున్నా వెనక కుడి చక్రం ఎప్పుడూ అందులోంచే పోవాలి.

"రోజూ ఇందులోంచే వెళ్తున్నాను. కుదుపు అలవాటైపోయింది," అన్నారామె ఆశ్చర్యంగా.

పాఠానికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే చేరి, పెరట్లోంచి ఇటుక ముక్కలు మోస్తున్న ఇద్దరినీ చూసి తామూ చేతులు వేశారు. గుంట పూడింది. చంద్రమతి చేతులు కడుక్కుంది. తరవాత, "అమ్మా, నేనెప్పుడూ మా హాస్టలు వంటింట్లోకి వెళ్ళి పట్టుమని పది నిమిషాలు నిలబడలేదు," అంది.

యశోధరమ్మగారు తువ్వాలు అందించారు.

"రేపు ఒక పూట నిలబడి రా. పోలమ్మని తీసెయ్యాలంటే సాయంత్రమైనా తీసెయ్యొచ్చు."