వెండి డబ్బాలో ఫ్యూజు

కారు ముందు పెద్ద బాకా పెట్టించాలని జమీందారు జగ్గరాయలుకు బుద్ధి పుట్టింది. చోటు చాలక బ్యాటరీని వెనక డిక్కీలోకి మార్పించాడు. అక్కణ్ణుంచి లావుపాటి తీగ వెనక సీటు కిందుగా ముందుకొచ్చింది.

"తీగ ఎక్కడ ఇనుముకు తగిలినా ఫ్యూజు తెగి కరెంటు ఆగాలండయ్యా. అది బ్యాటరీ పక్కనే ఉండాలి," అన్నాడు డ్రైవరు సింహాద్రి.

"దానికి వెండి డబ్బా చేయించింది డిక్కీలో దాచడానికట్రా? ముందు పెట్టు, చుట్టాలు చూడాలి. నోరు మూసుకుని బండి తోలు!"

సింహాద్రికి ఒళ్ళు మండిపోయింది. వెనక సీట్లో రోజూ కూర్చునేది జమీందారు మనవరాలే!

మర్నాడు పంటకాలువకు నడుమ గండి పడి, నీళ్ళు నారుమడిలోకి దూకాయి. జమీందారు పరుగున వచ్చేసరికి సింహాద్రి కాలువ చివర కూర్చుని, అక్కడి తూము మూస్తున్నాడు.

"బుద్ధుందా నీకు! గండి నడుమ పడితే చివర మూస్తావా? మొదటి తూము మూయాలిరా!"

"అది ఇందాకే మూసి వచ్చానండి," అంటూ సింహాద్రి లేచి నిలబడ్డాడు. "మరి కారులో మొదటి తూము ఎక్కడుందండీ? తీగ సీటు కింద ఒరుసుకుపోతే ముందున్న మీ వెండి డబ్బా ఏం ఆపుతుంది? నారు పోతే మళ్ళీ పోసుకుంటారు. పాపగారి సీటు అంటుకుంటేనో?"



సాయంత్రానికల్లా ఫ్యూజు డిక్కీలో బ్యాటరీ పక్కకు చేరింది. ఆ తర్వాత ఏ చుట్టమొచ్చినా జమీందారే డిక్కీ ఎత్తి చూపించేవాడు. అదంతా తన తెలివేనని చెప్పబోయినప్పుడల్లా, సింహాద్రి ముందు సీట్లోంచి ఆ పెద్ద బాకా మోగించేవాడు.