వాగు ఇసుకలో జతనీళ్లు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. దాని చివర ఒక ఇసుక వాగు. వానలు పడితే ఎర్రగా పొంగేది. ఎండలు ముదిరితే చుక్క నీరు కనబడేది కాదు. అప్పుడు జంతువులన్నీ ఇసుక తవ్వి చెలమలు చేసుకునేవి. చెలమంటే తెలుసు కదా? ఇసుకలో చిన్న గుంట. తవ్వి కాసేపు ఊరుకుంటే అడుగునుంచి తేటనీళ్లు ఊరుతాయి.

ఎవర్రా ఆ నవ్వేది? ఇది నవ్వే కథ కాదు. కాళ్లు ముడుచుకుని కూచుని వినండి.

ఆ అడవికి ఒక కట్టుబాటు ఉండేది. బయటినుంచి వచ్చినవాళ్లు వాగు దాటకూడదు. అవతలి గట్టునే ఉండాలి. దాటాలంటే ఈ అడవి జంతువు ఒకటి వాళ్ల దగ్గరికి వెళ్లాలి. అడవిపెద్ద చూస్తుండగా, ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకే చెలమలో నీళ్లు తాగాలి. దాన్నే జతనీళ్లు అనేవారు. ఈ అడవి జంతువు ఒకటి ఒక్క కొత్తదానితోనే తాగాలి. తాగారా, ఆ కొత్తది ఇక ఈ అడవిదే. రేపు అది ఏదైనా తప్పు చేస్తే జతనీళ్లు తాగినవాళ్లు కూడా మాట పడాలి. అందుకే ఎవరూ అంత తేలిగ్గా ముందుకొచ్చేవారు కాదు.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. వాగు పారిందంటే చెలమలు మునిగిపోతాయి. అప్పటికీ అవతలి గట్టున మిగిలిపోయినవాళ్లని రేచుకుక్కలు తరిమేసేవి.

ఒక ఎండాకాలం ఆ అవతలి గట్టుకి ఒక లేళ్ల మంద వచ్చింది. వాటి అడవికి వేటగాళ్లు నిప్పు పెట్టారు. తప్పించుకున్నవాటి కోసం దారి పొడుగునా ఉచ్చులు పన్నారు. పాపం, వాటి ఒంటిమీద ఇంకా పొగ వాసన పోలేదు. ఆ మందలో పైడి అనే తల్లి లేడి ఉంది. దానికి సువ్వి అని ఒక చిన్న కూతురు. దాని కాళ్లు ఇంకా సరిగ్గా నిలబడనైనా నిలబడవు.

ఇవతలి గట్టున తాయారు అనే గోరింక ఉండేది. మంచి మాటకారి. ఎవరి మనసైనా ఇట్టే కరిగించేది. లేళ్లని చూసి దానికి కడుపు తరుక్కుపోయింది. ఎగిరి వెళ్లి పైడి ముందు వాలింది.

"దిగులు పడకమ్మా. మా అడవిలో కలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరినీ కూడగడతాను. మీ అందరికీ జతనీళ్లు తాగిస్తాను" అంది.

"నాకు ఇంకేమీ వద్దక్కా. నా పిల్లా నేనూ ఆ గట్టుకి చేరితే చాలు. వెనక్కి వెళ్తే బతకం" అంది పైడి.

తాయారు ముందుగా కొండలరాయుడి దగ్గరికి వెళ్లింది. కొండలరాయుడంటే పెద్ద ఏనుగు. మేడిచెట్ల తోపంతా ఆయనదే.

"మామా, నువ్వొచ్చి లేళ్లలో ఒకదానితో జతనీళ్లు తాగాలి. నువ్వు వస్తే నీ వెనక పదిమంది వస్తారు" అంది తాయారు.

కొండలరాయుడు చెవులు ఆడించడం ఆపేశాడు. ఎటో చూశాడు.

"జతనీళ్లా? అదంతా పెద్ద వ్యవహారం తాయారూ. రేపు ఏదైనా తేడా వస్తే నా పేరు పోతుంది. పళ్లు కావాలంటే చెప్పు. ఎన్నైనా పట్టుకెళ్లు" అన్నాడు.

తాయారు అక్కడే తగ్గిపోయింది. గట్టిగా అడిగితే పళ్లు కూడా ఇవ్వడేమోనని భయపడింది. "సరే మామా, పళ్లే ఇవ్వు" అంది. ఆయన సంబరంగా ఒక గుట్ట మేడిపళ్లు పంపించాడు.

ఆ తరవాత ఎలుగుబంటి భూషయ్య దగ్గరికి వెళ్లింది. ఈసారి జతనీళ్ల మాటే ఎత్తలేదు. "బాబాయ్, లేళ్లు ఆకలితో ఉన్నాయి. నీకు తోచింది ఇవ్వు" అంది. భూషయ్య తేనెపట్టు ఇచ్చాడు. లేళ్లు తేనె తింటాయా అని అడక్కండి. భూషయ్య కూడా అడగలేదు. తన దగ్గర ఏది ఎక్కువుంటే అది ఇచ్చాడు.

ఆ తరవాత ఉడత సుందరమ్మ దగ్గరికి వెళ్లింది. అక్కడా అంతే. సుందరమ్మ పిల్లల కోసం దాచుకున్న మోరిపళ్లలో సగం తీసి ఇచ్చింది. "పాపం, ఇంకేమైనా కావాలా వదినా?" అని అడిగింది కూడా. జతనీళ్ల మాట తాయారు నోటిదాకా వచ్చింది. మింగేసింది. "ఇంతేనమ్మా, చాలు" అనేసి ఎగిరిపోయింది.

చూశారా, అడగాల్సిన చోట అడగలేదు.

ఇక తాయారు ఒక సంఘం పెట్టింది. ఆదరణ సంఘం అని పేరు. రోజూ పొద్దున్నే వాగొడ్డున బండమీద వాలి, ఎవరేం ఇచ్చారో పాడి వినిపించేది. "కొండలరాయుడు మామ మేడిపళ్లు ఇచ్చాడహో! భూషయ్య బాబాయ్ తేనె ఇచ్చాడహో!" అని. పేరు వినబడేసరికి వాళ్లకి ఒళ్లు పొంగిపోయేది. మరునాడు ఇంకాస్త ఎక్కువ పంపేవారు. గుట్టమీద గుట్ట పెరిగింది. తాయారు ఆ గుట్ట చుట్టూ ఎగురుతూ మురిసిపోయేది. నిజంగానే మంచి పని చేస్తున్నాననుకుంది. మంచి పనే కదా, కాదని నేను అనను. కాని లేళ్లు మాత్రం ఇంకా అవతలి గట్టునే ఉన్నాయి.

ఒకరోజు పైడి అడిగింది. "అక్కా, పళ్లకి లోటు లేదు. జతనీళ్ల మాట ఎవరితోనైనా అన్నావా?"

"అంటాను పైడీ. ముందు వాళ్ల మనసు మెత్తబడనీ" అంది తాయారు.

ఇంకోరోజు పైడి మళ్లీ అడిగింది. "అక్కా, నా పిల్ల మీ గట్టు చూసి రోజూ ఏడుస్తోంది. పోనీ నువ్వే దానితో తాగరాదా?"

"నేను ఒకరితోనే తాగగలను కదమ్మా. నీ పిల్లతో తాగితే మిగతావాళ్ల ముఖం ఎలా చూడను? అందరినీ ఒక్కసారే దాటిస్తాను. కాస్త ఓపిక పట్టు" అంది.

పైడి మూడోసారి అడిగేసరికి తాయారు నిజంగానే తెగించింది. "ఇవాళ అందరినీ పిలిచి అడిగేస్తాను, ఏమైతే అదవుతుంది" అనుకుంటూ తోపుకి వెళ్లింది. తీరా వెళ్లేసరికి కొండలరాయుడే ఎదురొచ్చాడు.

"తాయారూ, నీ సంఘానికి పెద్ద విందు ఇస్తున్నాను. అడవంతా వస్తుంది. నా పేరు కాస్త గట్టిగా పాడాలి సుమా!" అన్నాడు.

ఇంత ఆనందంగా ఉన్నవాడిని ఇప్పుడు అడిగి చేదు చెయ్యడమెందుకు, విందు అయ్యాక అడుగుదాంలే అనుకుంది తాయారు. ఆ మాట మళ్లీ గొంతులోనే ఉండిపోయింది.

విందు బ్రహ్మాండంగా జరిగింది. అందరూ తిన్నారు. లేళ్ల కష్టం తలచుకుని భూషయ్య కళ్లు తుడుచుకున్నాడు కూడా. అంతా అయ్యేసరికి ఎగువ కొండలమీద మబ్బు కమ్ముకుంది. ఎవరూ అనుకోలేదు. ఆ ఏడు వాన ముందే వచ్చేసింది.

అడవిపెద్ద వాగొడ్డుకి వచ్చాడు. ఆయన ముసలి అడవిదున్న. పేరు వీరన్న. ముక్కెత్తి గాలి వాసన చూశాడు. "ఎగువన వాన పడుతోంది. కాసేపట్లో వాగొస్తుంది. జతనీళ్లు తాగేవాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే రండి" అని రంకె వేశాడు.

తాయారు రెక్కలు తెగేలా ఎగిరింది.

"మామా, వాగొచ్చేస్తోంది! వచ్చి జతనీళ్లు తాగు!" అంది కొండలరాయుడితో.

"ఇప్పటికిప్పుడంటే ఎలా? ఇంకో గుట్ట పళ్లు పంపిస్తానులే" అన్నాడాయన.

"బాబాయ్, కాళ్లు పట్టుకుంటాను, రా!" అంది భూషయ్యతో.

"ఇంత తేనె ఇచ్చాను కదే! ఇంకా ఏం చెయ్యమంటావు?" అని భూషయ్య విసుక్కున్నాడు.

తాయారు సుందరమ్మ చెట్టుకి వెళ్లింది. సంగతంతా చెప్పింది.

"జతనీళ్లు కావాలా? ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట అనలేదేం వదినా? పళ్లే కావాలన్నావు, పళ్లే ఇచ్చాను. ఆ రోజే అడిగుంటే ఆ రోజే వచ్చేదాన్ని కదా!"

అంటూనే చెట్టు దిగి పరుగందుకుంది. పాపం, ఉడత కాళ్లు ఎంతని? వాగు చూస్తే అంత దూరం.

తాయారు ముందుగా ఎగిరి ఇసుకలో వాలింది. లేళ్లన్నీ చెలమ చుట్టూ నిలబడి ఇటే చూస్తున్నాయి. పైడి తాయారు వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు. పైడికి అర్థమైపోయింది.

"నువ్వొక్కదానివేనా అక్కా?" అంది.

తాయారు ఏడ్చేసింది. "నన్ను క్షమించమ్మా" అంది.

ఎగువనుంచి హోరు వినబడింది. పైడి మిగతా లేళ్ల వంక చూసింది. మందలోని ముసలి లేడి తల ఊపింది. "పిల్లని దాటించండి. పిల్లని" అన్నాయి అన్నీ.

పైడి సువ్విని మూతితో ముందుకి తోసింది. "నా తల్లివి కదూ! పెద్దమ్మతో కలిసి నీళ్లు తాగు" అంది.

"నువ్వు తాగవా అమ్మా?" అని అడిగింది సువ్వి.

"నేను తరవాత తాగుతాను. నువ్వు ముందు తాగు."

గోరింకా లేడిపిల్లా ఒకే చెలమలో మూతి పెట్టి తాగాయి. వీరన్న చూశాడు. "ఇది మన అడవి పిల్ల" అన్నాడు. తాయారు దాన్ని తరుముకుంటూ ఇవతలి గట్టు ఎక్కించింది. ఎక్కిందో లేదో ఎర్రనీళ్లు వచ్చి ఇసుకంతా కప్పేశాయి. చెలమ మునిగిపోయింది. పైడి మందతోపాటు అవతలి గట్టునే మిగిలిపోయింది.

అప్పుడు సుందరమ్మ రొప్పుతూ వచ్చింది. నీళ్ల అంచున నిలబడి, "పెద్దయ్యా, నేను తాగుతాను, ఆ తల్లితో నేను తాగుతాను!" అని అరిచింది. వీరన్న తల అడ్డంగా ఊపాడు. "చెలమ లేదు తల్లీ. ఆలస్యమైపోయింది" అన్నాడు.

అవతల రేచుకుక్కలు మొరుగుతూ వచ్చాయి. లేళ్ల మంద వెనక్కి కదిలింది. పైడి మాత్రం కదలలేదు. కుక్కలు మీదికి వచ్చేదాకా అక్కడే నిలబడి పిల్లని చూసింది. "తాయారక్కా, దానికి చలి ఎక్కువ. తడవనివ్వకు!" అని కేకేసింది. ఆ తరవాత కాలిపోయిన అడవి వైపు వెళ్లిపోయింది.

సువ్వి చాలాసేపు వాగు వంకే చూస్తూ కూచుంది. ఆ తరవాత లేచి ఆదరణ సంఘం గుట్ట దగ్గరికి వెళ్లింది. ఒక మేడిపండు నోట కరుచుకుని తెచ్చి వీరన్న కాళ్ల దగ్గర పెట్టింది. మళ్లీ వెళ్లింది. ఇంకోటి తెచ్చింది. అలా తెస్తూనే ఉంది.

"ఏమిటమ్మా ఇది?" అని అడిగాడు వీరన్న.

"పళ్లు తాతా. చాలా ఉన్నాయి. ఇవన్నీ నువ్వే తీసుకో. మా అమ్మని రానివ్వు" అంది సువ్వి.

అప్పుడే ఇంకో గుట్ట పళ్లతో కొండలరాయుడు వచ్చాడు. ఆ మాట విన్నాడు. అంత పెద్ద ఏనుగూ, తొండంలో పళ్లు కింద జారవిడిచేసి నిలబడిపోయాడు. పళ్లు దొర్లి వాగులో పడి కొట్టుకుపోయాయి. ఆ రోజు ఆయన పేరు ఎవరూ పాడలేదు. తాయారు ఆ తరవాత ఎప్పుడూ బండమీద పాడలేదు. సువ్వి తడవకుండా రెక్కలు పరిచి కూచునేది. గోరింక రెక్కలు ఎంతని, లేడిపిల్ల సగం తడిసేది.

మరుసటి ఎండాకాలం అవతలి గట్టుకి ఇంకో గుంపు వచ్చింది. తాయారు ఈసారి పళ్ల కోసం తిరగలేదు. నేరుగా తోపుకి వెళ్లి, "మామా, జతనీళ్లకి వస్తావా, రావా? అది చెప్పు ముందు" అంది. కొండలరాయుడు తల దించుకుని దాని వెనక నడిచాడు. భూషయ్య వచ్చాడు. సుందరమ్మ అందరికన్నా ముందే వచ్చి కూచుంది.

కాని చెలమలో మొదట మూతి పెట్టింది ఎవరో తెలుసా? సువ్వి. అది ఇప్పుడు ఈ అడవి పిల్ల కదా, దానికా హక్కు ఉంది. కొత్తగా వచ్చిన ఒక ముసలి కణుజు దుప్పి పక్కన నిలబడి నీళ్లు తాగింది. తాగాక మెల్లిగా అడిగింది.

"తాతా, దారిలో మా అమ్మ కనబడిందా? పైడి అంటారు."

కణుజు లేదని తల ఊపింది. సువ్వి ఇంకొకరిని అడిగింది. ఆ తరవాత ఇంకొకరిని. వచ్చినవాళ్లందరినీ అడిగింది. ఎవరికీ కనబడలేదు.

అంతేనర్రా కథ. వెళ్లి పడుకోండి. ఏడవకండి మరి, నాకూ ఏడుపొస్తుంది.

నీతి: ఆకలిగా ఉన్నవాళ్లకి పండు పెట్టాలి, కాని వాళ్లని పొమ్మంటున్నప్పుడు పక్కన నిలబడడం అంతకన్నా పెద్ద సాయం. ఆ సాయం అడగాల్సినవాళ్లు మొహమాటపడితే, దాని బరువు మోసేది పసిపిల్లలే.