నూకాలు మడవ తీసిన రోజు

అనగనగా, చెరువు గట్టు మీద చీమలు కూడా వంతు తప్పకుండా నడిచే రోజుల్లో, ఒక కొండ కింద ఒక ఊరు ఉండేది. ఆ ఊరి వరి మడులన్నిటికీ ఒకటే చెరువు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. తొలకరి పడగానే రైతులు చెరువులోంచి వడ్లగింజంత చేపపిల్లల్ని తెచ్చుకుని, నాట్లేసిన మడిలో పెంచాలి. కోతల నాటికి అవి జానెడు పెరుగుతాయి. వాటిని మళ్లీ చెరువులో వదలాలి. వదిలినవారికే వేసవి పంటకు నీళ్లు. చెరువు కడుపు నింపనివారు చెరువు నీళ్లు అడగరాదని పెద్దలు పెట్టిన మాట అది.

ఆ ఊరి నూకాలుకు ఉన్నది ఒక్కటే చిన్న మడి. మడి నడుమ చేపలు దాగడానికి మోకాలి లోతు గుంట తవ్వుకుంది. కిందటేడు ఆమె చేపపిల్లల్ని కొంగలు ఏరుకు తిన్నాయి. దాంతో నీటి వంతు పోయింది. వేసవంతా మడి బీటలు వారి ఉంటే, ఆమె పరాయి చేలల్లో కూలికి వెళ్లి పిల్లల కడుపు నింపింది.

అందుకే ఈ ఏడు చేపపిల్లల్ని గుంటలో వదులుతూ, మీ మీద ఈగ వాలనివ్వనని వాటికి మాటిచ్చింది.

కొంగల భయానికి గుంట మీద తాటాకులు కప్పింది. పాముల భయానికి గుంట చుట్టూ వెదురు తడిక బిగించింది. వరదకు కొట్టుకుపోతాయన్న భయానికి మడి గట్టున నీళ్లు వచ్చే మడవ, పోయే మడవ రెండూ మట్టితో మూసేసింది. ఇక ఆకలన్నది తెలియకూడదని పూటపూటా తవుడు పోసింది.

కింది మడి సింహాద్రిది. నూకాలు మడి నిండి పారితేనే అతని మడికి నీళ్లు. అతను వచ్చి ఆ పందిరీ తడికా చూసి నవ్వాడు.

"చేపలకు అన్నీ అమర్చావు అక్కా. బుగ్గన దిష్టిచుక్క ఒక్కటే తక్కువ."

తర్వాత నవ్వు ఆపి, తన పైరు వాడిపోతోందనీ, చేపపిల్లల్ని వదలడానికైనా మడిలో నీళ్లు లేవనీ, మడవ తీయమనీ అడిగాడు. ఇవి కాస్త పెద్దవి కానీ తమ్ముడూ అని నూకాలు బతిమాలింది. సింహాద్రి కుండ భుజాన పెట్టుకుని, దూరపు ఊటబావి నుంచి నీళ్లు మోసుకోసాగాడు. అది చూసి ఆమెకు ఆ పూట ముద్ద దిగలేదు. అయినా మడవ తీయలేదు.

కొన్నాళ్లకు ఆమె వరికే పురుగు పట్టింది. దుబ్బుల మొదట్లో పురుగు కమ్మి ఆకు పసుపెక్కింది. పురుగును తినే చేపలేమో తడిక లోపల ఉన్నాయి. అప్పుడూ ఆమె తడిక విప్పలేదు.

ఒకనాడు తెల్లవారుతూనే తవుడు పోద్దామని తాటాకు ఎత్తింది. గుంటలోంచి పులిసిన వాసన కొట్టింది. పిల్లలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. ఆకలేస్తోందేమోనని నూకాలు గుప్పెడు తవుడు తీసింది.

అప్పుడు ఒక శీలావతి చేపపిల్ల మాట్లాడింది.

"వద్దమ్మా. తిండి కాదు, మాకు ఊపిరి కావాలి. పారే నీళ్లు రానీ. మమ్మల్ని మడిలోకి పోనీ."

"తడిక దాటితే కొంగ ఉంది, పాము ఉంది" అంది నూకాలు.

"కొంగ వస్తే మాలో ఒకరో ఇద్దరో పోతాం. ఇలాగే ఉంటే అందరం పోతాం."

"దారి తప్పితే?"

"మడిలో నీళ్లు తీసేసినప్పుడు పల్లానికి రావడం మాకు పుట్టుకతో తెలుసమ్మా. నువ్వు గుంటను మాత్రం పూడ్చకు."

నూకాలు తడిక పీకింది, తాటాకు లాగేసింది, రెండు మడవలూ చేత్తోనే తవ్వింది. కొత్త నీరు గలగలా వచ్చింది. చేపపిల్లలు వరి దుబ్బుల మధ్యకు చెదిరిపోయాయి. కొన్ని నీళ్లతోపాటు సింహాద్రి మడిలోకి జారుతుంటే ఆమె కళ్లు మూసుకుంది.

కొంగలు వచ్చాయి. కొన్నిటిని తిన్నాయి. ఆమె గట్టున కూర్చుని అదిలించగలిగినంత అదిలించింది, ఏడవగలిగినంత ఏడ్చింది. కానీ వరి మళ్లీ పచ్చబడింది.

కోతలకు ముందు నీళ్లు తీసేస్తే, శీలావతి పిల్ల చెప్పినట్టే జానెడేసి చేపలు గుంటలోకి చేరాయి. కొన్ని తగ్గాయి. ఆమె దిగులుగా చూస్తుండగా సింహాద్రి నీళ్ల కుండ మోసుకొచ్చి ముందు దించాడు. అందులో చేపలు మెరిశాయి.

"మీ పిల్లలు మా ఇంట్లో భోంచేశారక్కా. మా మడిలో పురుగన్నదే లేదు."

ఇద్దరూ కలిసి వాటిని చెరువులో వదిలారు. నీళ్లు పంచే నీరటి ఇద్దరికీ వేసవి వంతు ఒప్పుకున్నాడు. శీలావతి ఒక్కసారి తోక కొట్టి లోతుకు వెళ్లిపోయింది. నూకాలు వెంట తెచ్చిన గుప్పెడు తవుడు ఆమె చేతిలోనే ఉంది. కాసేపు చూసి, నవ్వుకుని, దాన్ని కొంగులో మూట కట్టుకుంది.

పిల్లలారా, కాపాడటమంటే గట్టు వేయడం ఒక్కటే కాదు, వేళకు మడవ తీయడం కూడా.