పలుకులమ్మ బండ

తెల్లబట్టీల కొట్టాలకు పడమరగా, పాత గనిదారి రెండుగా చీలే చోట నిలువెత్తు నల్లబండ ఒకటి ఉంది. అదే పలుకులమ్మ సన్నిధి. ఇక్కడ విగ్రహం లేదు, గర్భగుడి లేదు. బండ నిండా సున్నంతో రాసిన వాక్యాలే అమ్మవారి రూపం. కొత్తగా వచ్చిన యాత్రికులు వాటిని మంత్రాలనుకొని చేతులు జోడిస్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే, "మా అవ్వ కరువులో బలుసాకు తిని బతికినాదంట" అని ఒకచోట, "మా గాడిద పేరు రాజా" అని ఇంకొకచోట ఉంటుంది.

పూర్వం ఇక్కడ సున్నం కాల్చుకునే కుటుంబాలు మాత్రమే ఉండేవి. గుట్టలో రాయి తీసి, బట్టీల్లో కాల్చి, గాడిదల మీద ఊరూరా తోలి అమ్మడం వారి వృత్తి. వారిలో మద్దిలేటి, ఓబుళమ్మ అనే దంపతులకు లేక లేక ఒక ఆడబిడ్డ కలిగింది. పేరు సుంకులు. ఆ పిల్లకు మాటలెక్కువ. కంటబడిన ప్రతిదాన్నీ చూపించి "ఇదేంది మా?" అని అడిగేది. తల్లి విసుక్కోకుండా చెప్పేది. రోజూ పొద్దెక్కాక, గుట్ట అవతలి బట్టీలో పని చేసే తండ్రికి సద్ది మోసుకుపోవడం సుంకులు పని.

కొంతకాలానికి గుట్టను ఒక గుత్తేదారు వేలంలో పాడుకున్నాడు. అతని మనుషులు రాతిలో మందు కూరి పేల్చడానికి వచ్చారు. ఆ ఉదయం నల్లబండ మీద ఎర్రరంగుతో ఏవో అక్షరాలు రాసి, తమ బాధ్యత తీరిందనుకొని పైకి వెళ్లిపోయారు. కొట్టాలలో అక్షరం తెలిసిన ప్రాణి లేదు. నీళ్లకు వెళ్లిన ఓబుళమ్మ ఆ ఎరుపు చూసి, ఎవరో మొక్కు తీర్చుకొని బండకు కుంకుమ పెట్టారనుకుంది. కడవ దించి దండం పెట్టుకుంది. ఇంటికి వచ్చి బిడ్డ నెత్తిన సద్దిచట్టి ఎత్తుతూ, "బండ కాడ ఎవరో పూజ చేసినారు. మొక్కుకొని పో తల్లీ" అని చెప్పి పంపింది.

సుంకులు తల్లి మాట మీరలేదు. చట్టి కింద పెట్టి, బండ ముందు నిలబడి చేతులు జోడించడం దూరాన మేకలు కాస్తున్న ముసలాయన చూశాడు. గుట్ట మీద మందు అంటించినవాళ్లు పరుగెత్తడం కనబడి, ఆయన వద్దని అరిచేలోపే గుట్ట పేలింది.

బిడ్డను మట్టి చేసి వచ్చాక ఓబుళమ్మ నోరు కట్టేసినట్టయింది. ఇరుగుపొరుగు వచ్చి "రాత అట్లుండె, ఏం చేస్తాం" అని ఓదారిస్తే రెండు చెవులూ మూసుకునేది. కన్ను మూస్తే సుంకులు కలలోకి వచ్చేది. బండ పక్కన నిలబడి, ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేం రాసినారు మా?" అని అడిగేది. ఓబుళమ్మ నోరు తెరిచేది, మాట వచ్చేది కాదు. బిడ్డ జవాబు కోసం చూసి చూసి తల వంచుకునేది.

ఆ రోజుల్లోనే పెద్దవాళ్లకు చదువు చెప్పడానికని పొరుగూరి దూదేకుల ఆడపడుచు దస్తగిరమ్మ సాయంత్రం పూట కొట్టాలకు రాసాగింది. జరిగిన ఘోరం విని ఆమె తొలుత ఓబుళమ్మ ఇంటికే వెళ్లింది. బండ మీది రాత ఏమిటో చెప్పబోతే ఓబుళమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"చెప్పద్దు పాపా. అది అడుగుతాండేది నన్ను. నేనే చదివి చెప్పాల. నాకు నేర్పు."

చదువు సాగలేదు. వాచకం తెరిస్తే ఓడ, ఐరావతం. కొట్టాల మనుషులు వాటిని ఎన్నడూ చూసి ఎరుగరు. బలపం పట్టుకున్న ఓబుళమ్మ వేళ్లు కదలలేదు. ఒక సాయంత్రం దస్తగిరమ్మ పుస్తకం మూసి, "ఇది వద్దులే అక్కా. నీ బిడ్డ సంగతి చెప్పు" అంది.

ఓబుళమ్మ బలపం కింద పెట్టింది. "నా బిడ్డ పేరు సుంకులు. దానికి మాటలెక్కువ."

దస్తగిరమ్మ ఆమెను నల్లబండ దగ్గరికి నడిపించుకొని వెళ్లింది. చిప్పలో సున్నం కలిపి, ఈతకుంచెతో ఆ మాటలు ఉన్నదున్నట్టు రాసింది. ఓబుళమ్మ వేలు పట్టి ఒక్కొక్క అక్షరం మీదుగా నడిపించి చదివింది.

"ఇది నా మాటేనా పాపా?"

"నీదే అక్కా. నేనొక్క ముక్క కలపలేదు."

తడి ఆరని అక్షరాలకు చెంప ఆనించి ఓబుళమ్మ ఏడ్చింది. బిడ్డ పోయాక ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదలు.

అది చూసి మిగిలినవారు ఒక్కొక్కరే వచ్చారు. తొలి బట్టీ ఎవరు కట్టారో, గంజి కోసం ఎంత దూరం నడిచారో, వరదలో ఎవరు పోయారో చెప్పారు. దస్తగిరమ్మ బండ మీద రాసింది. తమ నోట వచ్చిన మాటే గనుక చదవడం వారికి బరువు కాలేదు. ఓబుళమ్మ మాత్రం సుంకులు పేరులోని అక్షరాలతో మొదలుపెట్టి, మిగతావి కూడబలుక్కుంటూ, ఎర్ర రాత వైపు తల తిప్పకుండా నేర్చుకుంది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆమె దాని ముందుకు వచ్చి నిలబడింది. దస్తగిరమ్మ వెనకనే ఉంది.

"పే... లు... డు. ఇ... టు... రా... వద్దు." చదివి, వెనక్కి తిరిగింది. "ఇంతేనా పాపా?"

"ఇంతే అక్కా."

"ఇంత చిన్న మాటా!" అని అక్కడే కూలబడింది.

పొద్దు వాలే వేళకు లేచి, "సుంకులూ" అని పిలిచి, ఆ మాటలు గట్టిగా ఒకసారి చదివి వినిపించింది. ఆనాటి నుంచి బిడ్డ కలలోకి రాలేదు. కల ఆగినందుకు ఓబుళమ్మకు ఊరట కలగలేదు. బిడ్డను రెండోసారి పోగొట్టుకున్నట్టు కుమిలిపోయింది.

ఆ పిమ్మట గుట్టలో మందు పేల్చిన ప్రతిసారీ ఆమె ఈ దారి చీలికలో నిలబడి, చదువు రాని బాటసారులకు ఆ మాటలు అరిచి చెప్పేది. గొంతు బొంగురుపోయినా మానలేదు. జనం ఆమెను పలుకులమ్మ అని పిలవసాగారు. ఆమె నిలబడినంత కాలం ఈ దారిలో ఒక్క ప్రాణమూ పోలేదని పెద్దలు చెబుతారు. ఆమె కన్నుమూశాక ఈ బండనే ఆమెగా కొలిచారు.

నేటికీ చైత్రమాసంలో జరిగే తిరునాళ్లలో ఇక్కడ పసిపిల్లలకు కాదు, తల నెరిసినవారికి అక్షరాభ్యాసం చేస్తారు. ఓనమాలు దిద్దించరు. తమ బతుకులోని ఒక్క సంగతి చెప్పమంటారు. దస్తగిరమ్మ వంశంవారు దానిని సున్నంతో రాసి, చెప్పినవారి వేలు పట్టి చదివిస్తారు. దుఃఖంతో నోరు మూగబోయినవారికి ఇక్కడ మాట తిరిగి వస్తుందని భక్తుల నమ్మకం.

దర్శనం ముగిసి వెళ్లేటప్పుడు, చదువు వచ్చిన ప్రతివారూ ఎర్ర అక్షరాల దగ్గర ఆగి, వెనక వచ్చేవారి కోసం పైకి చదవాలి. గని మూతపడి ఎంతో కాలమైంది. ఆ దారిన ఇప్పుడు భయమేమీ లేదు. అయినా ఇంతవరకు ఎవరూ చదవకుండా కదలలేదు.