గాలిబుట్టలో ఉడుము పైడమ్మ

అనగనగా ఒక అడవి. దానికి ఎదురుగా ఇంకో అడవి. రెంటికీ నడుమ పెద్ద లోయ. లోయ అడుగున ఏడాది పొడవునా ఉరకలేసే ఏరు. ఈ గట్టు అడవిని తూర్పడవి అనేవాళ్ళు, ఆ గట్టు అడవిని పడమటడవి అనేవాళ్ళు. నడిచి వెళ్ళాలంటే కొండలన్నీ చుట్టి రావాలి. కాళ్ళు అరిగిపోతాయి.

అందుకని రాబందులు ఒక ఉపాయం చేశాయి. వెదురుతో ఇల్లంత బుట్ట అల్లించాయి. దానికి అడవితీగల మోకులు కట్టాయి. ఆ మోకులు కాళ్ళతో పట్టుకుని అన్నీ ఒక్కసారి ఎగిరితే, బుట్ట గాల్లోకి లేచి లోయ దాటేది. దాన్ని అందరూ గాలిబుట్ట అనేవాళ్ళు. ఎక్కేవాళ్ళు ఒక పూట తిండి రాబందులకు ఇచ్చుకోవాలి. ఎలుకైనా అంతే, ఏనుగు చుట్టమైనా అంతే.

రాబందులు పైన ఉంటాయి, బుట్ట కింద వేలాడుతుంది. అంతంత రెక్కల చప్పుడులో కింది మాట పైకి వినబడదు. అందుకని బుట్టలో వాళ్ళను చూసుకోవడానికి చిలకలను పెట్టాయి. అందరినీ కూర్చోబెట్టడం, నీళ్ళివ్వడం, కింది కబురు పైకి చెప్పడం వాటి పని. చిలకల పెద్ద పేరు కీరవాణి. పచ్చని ఒళ్ళు, ఎర్రని ముక్కు, మెడ చుట్టూ గులాబీ రంగు పట్టీ. నోరు తెరిస్తే తేనె కారుతుంది. అయితే పిల్లలూ, ఆ తేనె అందరికీ కారదు. ఎవరికి కారుతుందో మీరే చూడండి.

ఒకరోజు పొద్దున్నే తూర్పడవిలో ఉన్న ఉడుము పైడమ్మకి కాకి కబురు తెచ్చింది.

"పైడమ్మా, పైడమ్మా! పడమటడవిలో నీ కూతురు నూకాలు పుట్టలో గుడ్లు పెట్టింది కదా. గుడ్లు పగిలాయి. పిల్లలు లోపలే ఉన్నాయి. మొన్నటి వానకి పుట్ట మన్ను మెత్తబడి, నిన్నటి ఎండకి రాయిలా బిగుసుకుపోయింది. నూకాలు ముందుకాళ్ళు బండ కింద పడి నలిగిపోయాయి, తవ్వలేకపోతోంది. పొద్దు గూకేలోపు పుట్ట తెరవకపోతే ఆ పసివాళ్ళకి ఊపిరాడదు!"

పైడమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఆ పూటకి దాచుకున్న తిండి రాబందులకి ఇచ్చేసింది. అందరికంటే ముందు బుట్ట ఎక్కింది. ఊగకుండా ఉంటుందని నడిమధ్యన కూర్చుంది. తన గోళ్ళ వంక చూసుకుంది. "ఈ గోళ్ళు చాలు. ఎంత గట్టి పుట్టనైనా తవ్వేస్తాను" అనుకుంది.

తర్వాత మిగతావాళ్ళు ఎక్కారు. అలుగు సింగన్న వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఒళ్ళంతా పెంకులు, బారెడు నాలుక, పారల్లాంటి గోళ్ళు. కానీ మహా పిరికివాడు. ఎక్కడైనా గొడవ మొదలైతే బంతిలా చుట్టుకుపోతాడు. అలుగుల ఇంట్లో పిల్లలకి మొదట నేర్పేది అదేనట. ఒక కుందేలు ఎక్కింది. చిట్టచివర పునుగుపిల్లి మాలతి ఎక్కింది. ఆమె ఒంటినుంచి గుమగుమలాడే వాసన. చిలకలన్నీ ఎదురెళ్ళాయి.

"దయచేయండి అమ్మగారూ! తమరు ఎక్కడ కూర్చుంటారు?" అంది కీరవాణి.

"మధ్యనే కూర్చుంటాను. కానీ అక్కడ ఏదో మట్టి వాసన వస్తోందే" అంది మాలతి, ముక్కు మూసుకుని.

కీరవాణి గిర్రున తిరిగింది. గొంతు మారిపోయింది.

"ఏయ్ ఉడుమా! లే అక్కడినుంచి. ఆ అంచుకి పో."

"ముందొచ్చి కూర్చున్నానమ్మా. అంచున గాలి కొడుతుంది, నాకు కళ్ళు తిరుగుతాయి" అంది పైడమ్మ.

"బొరియల్లో బతికేదానివి, నీకు గాలి కొడితేనేం? లే!"

పైడమ్మ లేచింది. మనసు చివుక్కుమంది. కానీ మనవళ్ళు గుర్తొచ్చారు. "ఎక్కడ కూర్చుంటే ఏం, పొద్దు గూకేలోపు చేరితే చాలు" అనుకుని అంచుకి పోయి ఒదిగి కూర్చుంది. సింగన్న చూశాడు. చూసి, తల పెంకుల్లోకి ముడుచుకున్నాడు.

బుట్ట లేచింది. ఎండ ఎక్కింది. చిలకలు కుండలో నీళ్ళు తెచ్చి ఆకుదొన్నెల్లో పోసి ఇస్తున్నాయి. మాలతికి రెండు దొన్నెలు, అడక్కుండానే. కుందేలుకి ఒకటి. సింగన్నకి సగం. పైడమ్మ దగ్గరికి వచ్చేసరికి కీరవాణి కుండ వెనక్కి తిప్పేసింది.

"నీళ్ళు అయిపోయాయి."

పైడమ్మ గొంతు పిడచకట్టుకుపోతోంది. పొద్దుటినుంచి పచ్చి గంగ ముట్టలేదు. అయినా ఊరుకుంది. అంతలో మాలతి "కాళ్ళకి దుమ్ము అంటుకుంది" అంది. కీరవాణి అదే కుండలోంచి నీళ్ళు ముంచి ఆమె కాళ్ళు కడిగింది!

మొహం చూసి బొట్టు పెట్టడం అంటే ఇదే పిల్లలూ. తాగడానికి లేని నీళ్ళు కాళ్ళు కడగడానికి ఎక్కడినుంచి వచ్చాయి? చెబుతుంటే నాకే కడుపు మండిపోతోంది, అక్కడ కూర్చున్న ఆమెకి ఎలా ఉండాలి?

పైడమ్మ ఇక ఊరుకోలేదు.

"అమ్మా కీరవాణీ, కుండ నిండా నీళ్ళున్నాయి. నాకు కనబడుతూనే ఉన్నాయి. అందరూ ఇచ్చిన పూట తిండే నేనూ ఇచ్చాను. ఒక్క గుక్క పోయమ్మా" అంది. కేక పెట్టలేదు, తిట్టలేదు. కానీ ఉడుము గట్టిగా ఊపిరి తీస్తే బుస్సుమని వినబడుతుంది. పుట్టుకతో వచ్చిన ఊపిరి, ఆమె ఏం చేస్తుంది?

కీరవాణికి అది చాలు.

"చూశారా! బుసకొడుతోంది! మా మీదికి వస్తోంది!" అని అరిచింది. మిగతా చిలకలు అదే మాట పలికాయి. "బుసకొడుతోంది! మీదికి వస్తోంది!" ఒకదానికీ ఏం జరిగిందో తెలియదు. అయినా పలికాయి.

కీరవాణి రివ్వున పైకెగిరి రాబందుల పెద్ద ఎర్రప్ప చెవిలో చెప్పింది.

"అయ్యా, కింద ఒక ఉడుము అందరినీ కరవబోతోంది. దారిలో బోడిబండ వస్తుంది కదా, దాన్ని అక్కడ దింపేద్దాం."

"నిజమేనా?" అన్నాడు ఎర్రప్ప.

"నేను అబద్ధం చెబుతానా అయ్యా?" అంది కీరవాణి, తేనె కారుస్తూ.

ఎర్రప్ప ఒక్కసారి మెడ వంచి కిందికి చూస్తే సరిపోయేది. చూడలేదు. "సరే" అన్నాడు.

బోడిబండ అంటే లోయ నడుమ నిలబడ్డ ఒంటికొండ. నీళ్ళు లేవు, చెట్టు లేదు, దిగే దారి లేదు. అక్కడ దింపారంటే రేపటి బుట్ట వచ్చేదాకా అక్కడే.

"దిగు" అంది కీరవాణి, కొండ దగ్గరపడగానే.

పైడమ్మ ముందుకాళ్ళు జోడించింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను. అంచున కూర్చోమన్నావు, కూర్చున్నాను. నీళ్ళు లేవన్నావు, పోనీ వద్దు. నా మనవళ్ళు పుట్టలో చిక్కుకుపోయారు. ఈరోజు నేను చేరకపోతే వాళ్ళు బతకరు. నన్ను దింపకు" అంది.

"అవన్నీ మాకెందుకు? ఎదురు మాట్లాడేవాళ్ళకి మా బుట్టలో చోటు లేదు."

పైడమ్మ చుట్టూ చూసింది.

"మీరంతా చూశారు కదా. నేను ఎవర్నైనా కరిచానా? ఒక్క మాట చెప్పండి" అంది.

మాలతి మొహం పక్కకి తిప్పుకుని మీసాలు దువ్వుకుంది. కుందేలు "నాకెందుకమ్మా? నన్నూ దింపేస్తే?" అని గొణిగింది.

"సింగన్న తమ్ముడూ, నువ్వు మొదటినుంచీ అంతా చూస్తూనే ఉన్నావు. నువ్వు చెప్పు" అంది పైడమ్మ.

సింగన్న నోరు తెరిచాడు. కీరవాణి కళ్ళు ఉరిమింది. సింగన్న గభాల్న బంతిలా చుట్టుకుపోయాడు.

అంతమందికీ నోళ్ళున్నాయి పిల్లలూ. తాగడానికి తెరిచారు, తినడానికి తెరిచారు. అప్పుడు మాత్రం అందరికీ తాళాలు పడ్డాయి.

పైడమ్మ ఇంకేం అడగలేదు. నాలుగు కాళ్ళ గోళ్ళూ వెదురు అల్లికలోకి దించింది. పొట్ట బుట్టకి అదిమిపెట్టింది. ఉడుము పట్టు పట్టింది!

చిలకలు ముక్కులతో పొడిచాయి. కదలలేదు. తోక పట్టి లాగాయి. కదలలేదు. అప్పుడు కీరవాణి పైకెగిరి, "అయ్యా, బుట్ట ఒక పక్కకి ఒంచండి. జారి బండ మీద పడుతుంది" అంది.

ఎర్రప్ప ఈసారి కూడా చూడలేదు. ఒక పక్క మోకులు వదులు చేయించాడు. అదే సమయానికి లోయలోంచి ఈదురుగాలి ఒక్క ఊపు ఊపింది. బుట్ట బండ మీదినుంచి పక్కకి కొట్టుకుపోయింది. ఒరిగింది. ఇప్పుడు కింద బండ లేదు. లోయ, లోయలో ఏరు.

నీళ్ళకుండ దొర్లి కిందికి పోయింది. అది పడిన చప్పుడు కూడా వినబడలేదు. కుందేలు జారింది. మాలతి జారింది. చుట్టుకుని ఉన్నవాడు మిగతావాళ్ళకంటే జోరుగా దొర్లుతాడు కదా, సింగన్న బంతిలా అంచుకేసి దొర్లిపోయాడు.

మరి చిలకలు? అందరినీ చూసుకోవాల్సిన చిలకలు? రెక్కలు విప్పుకుని తుర్రుమన్నాయి!

బుట్టలో ఎక్కడిదక్కడే ఉన్నది పైడమ్మ ఒక్కతే. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తోక జాడించి సింగన్న చుట్టూ వేసి బిగించింది.

"విప్పుకోరా తమ్ముడూ! విప్పుకుని వాళ్ళని పట్టుకో!" అని అరిచింది.

సింగన్న జీవితంలో మొదటిసారి భయంలో విప్పుకున్నాడు. ఒక చేత్తో కుందేలుని పట్టుకున్నాడు. మాలతి అతని పెంకులు పట్టుకుని వేలాడింది. అందరి బరువూ పైడమ్మ గోళ్ళ మీద పడింది. ఒక గోరు ఫట్టుమని ఊడింది. ముందుకాళ్ళ గోళ్ళన్నీ ఒక్కొక్కటే ఊడాయి. నెత్తురు కారుతోంది. పట్టు మాత్రం వదలలేదు.

"ఎర్రప్పా! బుట్ట సరిచెయ్యి!" అని కేక పెట్టింది. రెక్కల చప్పుడులో ఆ కేక కలిసిపోయింది.

"నా ఒక్కదాని గొంతు పైకి చేరదు. అందరూ అరవండి!" అంది.

అప్పుడు అరిచారు. అంచున వేలాడుతున్న కుందేలు, మాలతి, సింగన్న అందరూ కలిసి "ఎర్రప్పా!" అని లోయ దద్దరిల్లేలా అరిచారు.

ఎర్రప్ప ఉలిక్కిపడి కిందికి చూశాడు. చూసి నివ్వెరపోయాడు. గబగబా మోకులు బిగింపజేసి బుట్టని బోడిబండ మీద దించాడు.

చిలకలు మెల్లగా వచ్చి వాలాయి. కీరవాణి మొహంలో సిగ్గు లేదు.

"అయ్యా, ఈ ఉడుమే బుట్టని ఊపింది" అంది.

కుందేలుకి భయం పోలేదు. అయినా ముందుకొచ్చింది. "అబద్ధం! నీళ్ళుండీ లేవన్నది ఈ కీరవాణే. పైడమ్మ ఎవర్నీ కరవలేదు. నేను చూశాను" అంది.

"నేనూ చూశాను. చూసి చుట్టుకుపోయాను" అన్నాడు సింగన్న.

మాలతి తల వంచుకుంది. "ఆ నీళ్ళతో కడిగింది నా కాళ్ళే" అంది.

ఎర్రప్ప పైడమ్మ ముందుకొచ్చి, "తప్పు నాది కూడా. కింద ఏం జరుగుతోందో నా కళ్ళతో ఒక్కసారైనా చూడలేదు" అన్నాడు. చిలకల వైపు తిరిగాడు. "బుట్ట ఒరిగితే ఎగిరిపోయేవాళ్ళకి బుట్టలో పనేముంది? మీకు రెక్కలున్నాయిగా, ఎగిరిపొండి. ఇక మా బుట్ట దగ్గరికి రాకండి."

కీరవాణి ఏదో తియ్యగా అనబోయింది. వినడానికి ఎవరూ ఆగలేదు. బుట్ట లేచింది. ఎర్రప్ప దారంతా మెడ వంచి కిందికి చూస్తూనే ఉన్నాడు.

పైడమ్మ మాత్రం తన కాళ్ళు చూసుకుంటోంది. "ఈ గోళ్ళతోనే కదా పుట్ట తవ్వాలి" అంది. ఆ మాట అందరికీ వినబడింది.

పడమటడవిలో దిగేసరికి పొద్దు కొండ మీదికి వాలింది. అందరూ పైడమ్మ వెంటే పుట్ట దగ్గరికి పరిగెత్తారు. నూకాలు దాని పక్కన కూర్చుని ఏడుస్తోంది.

"అమ్మా, ఇందాకటిదాకా లోపల గీరుతున్నారు. ఇప్పుడు చప్పుడు తగ్గిపోయింది" అంది.

పైడమ్మ నెత్తురోడుతున్న కాలు పుట్ట మీద వేసింది. గోరు లేదు. మన్ను రాలలేదు. ఆమె మొహం చూసినవాళ్ళు ఆ చూపు ఎప్పటికీ మరచిపోలేదు.

సింగన్న ఆమెని మెల్లగా పక్కకి జరిపాడు. పారల్లాంటి తన గోళ్ళు పుట్టలోకి దించాడు. తవ్వాడు. రాయిలాంటి మన్ను పెళ్ళలుపెళ్ళలుగా లేచింది. కుందేలు ఆ మన్ను కాళ్ళతో వెనక్కి తోసింది. పొద్దు సగం కుంగింది. లోపల ఎక్కడో సన్నగా ఒక గోరు గీరింది. సింగన్న ఇంకా వేగంగా తవ్వాడు. చివరి పెళ్ళ ఊడింది. వేలంత ఉడుము పిల్ల ఒకటి తల బయటపెట్టి కళ్ళు చికిలించింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. అన్నీ బతికే ఉన్నాయి.

మాలతి వాగు దగ్గరికి పరిగెత్తి ఆకుదొన్నెలో నీళ్ళు తెచ్చింది. పైడమ్మ ముందు పెట్టి నిలబడింది. ఆ రోజంతటిలో పైడమ్మ తాగిన మొదటి నీళ్ళు అవి.

"అక్కా, నన్ను క్షమించు" అన్నాడు సింగన్న.

పైడమ్మ మనవళ్ళని పొట్ట కింద పొదువుకుంది. దొన్నె కింద పెట్టింది.

"నా మనవళ్ళని కాపాడావు, ఆ మేలు మరచిపోను. బుట్టలో చుట్టుకుపోయావు, అదీ మరచిపోను. రేపు మళ్ళీ అదే బుట్ట ఎక్కుతావు. ఎవర్నో ఒకర్ని దిగమంటారు. అప్పుడు చుట్టుకోకు తమ్ముడూ. అదే నాకు నువ్వు చెప్పే క్షమాపణ" అంది.

నీతి: పక్కవారికి అన్యాయం జరుగుతుంటే నోరు మూసుకుని కూర్చోకూడదు, వారిని తోసేయడానికి ఒంచిన బుట్టలో మనమూ ఉన్నాం.