బతికుండగా వేసిన దండ

ఉద్దానంలో జీడితోటల మధ్య ఉన్న ఒక ఊళ్లో, ఉన్న మాటకు ఉప్పూకారం తగిలించకుండా నోరు విప్పలేని కూర్మారావు అనే కుర్రవాడు ఉండేవాడు. జలుబు చేస్తే చావు తప్పిందనేవాడు. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనేవాడు. ఊరివాళ్లు విని నవ్వుకునేవారే గాని ఒక్కరూ మందలించేవారు కాదు. వాణ్ణి చెడగొట్టింది ఆ నవ్వులే.

కుర్రవాడు తెలివైనవాడు, కోరిక కూడా మంచిదే. తల్లీతండ్రీ తుఫానులో పోతే అన్న ఢిల్లేశ్వరరావు వాణ్ణి పెంచాడు. ఆ అన్నకు ఇప్పుడు కిడ్నీ జబ్బు. వారానికి రెండుసార్లు పట్నం వెళ్లి డయాలసిస్ చేయించుకుంటేనే బతుకు. విదేశంలో చదివి ఆ జబ్బు ఎందుకొస్తుందో తెలుసుకోవాలని, అన్నను ఆ మిషను నుంచి విడిపించాలని కూర్మారావు ఆశ. అందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు.

ఒకరోజు విదేశీ విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటర్లో కనిపించి ప్రశ్నలడిగారు.

"ఈ చదువే ఎందుకు కావాలి?" అన్నాడు ప్రొఫెసరు.

మా అన్నకు జబ్బు, బతికించుకోవాలి అంటే సరిపోయేది. మనవాడికి అది చప్పగా అనిపించింది. "మా అన్న ఈ జబ్బుతోనే పోయిన ఏడాది చనిపోయాడు. నా ఒళ్లోనే ప్రాణం విడిచాడు" అని ఇంగ్లీషులో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. పాపం, ఆ ప్రొఫెసరు కూడా కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకున్నాడు.

వసారాలో కూర్చున్న ఢిల్లేశ్వరరావుకు ఇంగ్లీషు రాదు. కానీ డయాలసిస్ గదిలో తరచూ వినబడే 'డెడ్' అన్న మాట తెలుసు.

"ఎవుడ్రా డెడ్డు?" అని అడిగాడు.

కూర్మారావు తలొంచుకుని చేసిన పని చెప్పాడు. అన్న వాడి తల నిమిరాడు. తర్వాత నవ్వాడు.

"పోనీలేరా. బతికున్నోడు సచ్చిపోనాడని కబురొస్తే ఆయుస్సు పెరుగుతాదంటారు. నీకు సీటు, నాకు ఆయుస్సు."

ఆ మాటతో కూర్మారావు మనసు తేలికపడింది. తేలికపడకుండా ఉంటే ఎంత బాగుండేదో.

సీటు వచ్చింది. నెల తిరగకుండానే ప్రొఫెసరు నుంచి ఫోను వచ్చింది. వాళ్ల మనుషులు ఆ ప్రాంతంలో నీళ్లు పరీక్షించడానికి వస్తున్నారట. ముందు పట్నం ఆసుపత్రి చూసి, మరునాడు కూర్మారావు ఇంటికి వచ్చి, పోయిన అన్నగారి ఫొటోకు నమస్కారం పెట్టి వెళతారట.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. సీటు పోతే పోయేది. కూర్మారావు మాత్రం అన్న దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఈ నాలుగు రోజులూ అత్త ఊరెల్లి ఉండు."

"రేపు డయాలసిస్సు గదరా. ఇప్పటికే కాళ్లు పొంగిపోనాయి."

"రేపు ఆళ్లు ఆసుపత్రిలోనే ఉంటారు. నిన్ను అక్కడ చూసినారంటే నా చదువు గంగలో కలిసిపోతాది. ఒక్కసారి తప్పితే ఏటవుతాది? ఆళ్లు ఎల్లిపోగానే నానే దగ్గరుండి తీసుకెల్తాను."

ఢిల్లేశ్వరరావు తమ్ముడి మొహంలోకి చూశాడు. వాడు ఏది అడిగినా కాదనడం అతనికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. చొక్కా తొడుక్కుని, పొంగిన కాళ్లకు చెప్పులు పట్టక, ఉత్త కాళ్లతోనే బస్సెక్కాడు.

వాళ్లు ఆసుపత్రి చూస్తున్న రోజున కూర్మారావు అన్న ఫొటోను పెద్దది చేయించి గోడకు తగిలించాడు. దానికి బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, అగరొత్తులు కూడా సిద్ధం చేశాడు. అబద్ధమైనా సరే, వాడు పని సగంలో వదిలే రకం కాదు. పక్కింటి తులసమ్మ గుమ్మంలోంచి చూసి కొయ్యబారిపోయింది.

"ఒరే, బతికున్న మనిసికి దండేత్తారేట్రా? తియ్యి ముందు."

"రేపు తీసేత్తాను పిన్నీ" అన్నాడు.

మరునాడు విదేశీయులు వచ్చారు. బూట్లు బయట విడిచి, ఫొటో ముందు తలలు వంచి నిలబడ్డారు. అప్పుడే కూర్మారావు ఫోను మోగింది. అత్త చేసింది.

"నాయినా, తెల్లారినకాడి నుంచీ ఊపిరాడక కొట్టుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెల్తామంటే, తమ్ముడు సెప్పేదాకా రానని మొండికేసినాడు. ఇప్పుడే పోనాడురా."

"ఏమైంది?" అని అడిగాడు వచ్చినవాళ్లలో పెద్దాయన.

కూర్మారావు నోరు తెరిచాడు. ఏమని చెబుతాడు? వాళ్ల లెక్కలో అన్న ఏడాది కిందటే పోయాడు. "ఏమీ లేదండీ" అన్నాడు. అందరికీ కొబ్బరి నీళ్లు ఇచ్చాడు. మీ అన్న చివరి ఘడియల గురించి చెప్పమని పెద్దాయన మెల్లగా అడిగాడు. ఊపిరాడక కొట్టుకున్నాడని కూర్మారావు చెప్పాడు. నేను పక్కనే ఉన్నానని కూడా చెప్పాడు. వాళ్ల కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత అత్త ఊరి దారి పట్టి, గుండెలు బాదుకుంటూ పరుగెత్తాడు.

సీటు వాడిదే. ఎవరూ లాక్కోలేదు. కానీ ఆ చదువుతో బతికించుకోవాలనుకున్న మనిషిని చాప మీద పడుకోబెట్టారు. తలకొరివి పెట్టడానికి కూర్మారావు కోసమే అందరూ ఎదురుచూస్తున్నారు.

పిల్లలూ, మీ ఆశ ఎంత మంచిదైనా దానికి అబద్ధాన్ని తోడు తెచ్చుకోకండి. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి, ఎవరి కోసం ఆశపడ్డారో వాళ్లనే బలి పెట్టాల్సి వస్తుంది.