బురదను కూర్చోబెట్టిన చిల్లగింజ

ఒకప్పుడు చిల్లగింజ గోళీలా గుండ్రంగా ఉండేది. కొండమీద ఒక వంకర చిల్లచెట్టు కింద ఊరికే దొర్లుతుండేది. ఎందుకూ కొరగానిదని తోటి గింజలన్నీ దాన్ని ఆటపట్టించేవి. చింతగింజకైతే మరీ నోరెక్కువ. చిల్లగింజ నవ్వేసి ఊరుకునేది గానీ, లోపల్లోపల చిన్నబోయేది.

కొండకింద ఒక వాగు. ఒడ్డున నిలబడి చూస్తే అందులో చేపల పొలుసులు కూడా కనిపించేవి. ఆ ఒడ్డునే కుమ్మరులుండేవారు. వాళ్ళ కుండలకు నాలుగూళ్ళలో పేరు. పేరు పెరిగేకొద్దీ కుండలు కాల్చే ఆవం పెద్దదైంది. ఆవం పెద్దదయ్యేకొద్దీ కట్టెలు చాల్లేదు. ఇంకేముంది, కొండమీద చెట్లన్నీ కొట్టేశారు. వంకరగా ఉందని చిల్లచెట్టునొక్కదాన్ని వదిలేశారు.

చింతచెట్టు కూడా పోయింది. చింతగింజ ఎగతాళి కూడా ఎంత బాగుండేదోనని చిల్లగింజకు దిగులేసింది.

అంతలో తొలకరి కురిసింది. పట్టుకునే వేళ్ళు లేక కొండమట్టి జారి వాగులో పడింది. ఇల్లు పోయిన మట్టిరేణువులకు ఒళ్ళు మండిపోయింది. నీవల్లంటే నీవల్లని ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళంతా తిరిగాయి. ఒకదాని పక్కన ఇంకొకటి కూర్చోదు. వాగంతా ఎర్రబురదైంది. చేపలకు ఊపిరాడలేదు.

కుమ్మరి సుంకులమ్మ కూతురు ఓబుళమ్మకు జ్వరమొచ్చింది. గుక్కెడు నీళ్ళు తాగబోతే నోటినిండా మట్టే. సుంకులమ్మ కడవనిండా నీళ్ళు ముంచి తెచ్చి మూడు రోజులు చూసింది. బురద దిగలేదు. కూతురి పెదాలు ఎండిపోతున్నాయి. ఈ చేతులతోనే కదా చెట్లు కొట్టానని సుంకులమ్మ కడవ ముందు కూలబడి ఏడ్చింది.

ఆ ఏడుపు కొండమీద చిల్లగింజకు వినిపించింది. దొర్లడం దానికి అలవాటైన పనే. దొర్లుకుంటూ వచ్చి సుంకులమ్మ ఒళ్ళో పడింది.

"నన్ను కడవ లోపల అరగదియ్యి పెద్దమ్మా," అంది.

"అరిగిపోతావు కదే పిచ్చిదానా."

"ఊరికే దొర్లేదానికన్నా అదే నయం."

సుంకులమ్మ కడవ లోపలి గోడకేసి గింజను అరగదీసింది. గింజకు నొప్పేసింది, అయినా ఓర్చుకుంది. దాని పొడి నీళ్ళలో కలిసి, అరుచుకుంటున్న మట్టిరేణువుల మధ్యకు వెళ్ళింది.

"మీకు పట్టుకోవడానికి వేళ్ళు లేవు. నన్ను పట్టుకోండి," అంది.

ఒక రేణువు పట్టుకుంది. దాన్ని చూసి ఇంకొకటి. తర్వాత పది, వంద. చేతులు కలిసేసరికి అన్నీ బరువెక్కి, మెల్లగా కడవ అడుక్కి దిగి కూర్చున్నాయి. పైన నీళ్ళు తేటపడ్డాయి. సుంకులమ్మకు అందులో తన ముఖం కనిపించింది.

తేటనీళ్ళు వంచి, కాచి, చల్లార్చి ఇచ్చింది. ఓబుళమ్మ గటగటా తాగి, ఇంకో చెంబు కావాలంది. ఆ మాట విని వీధి వీధంతా పండగ చేసుకుంది. చిల్లగింజలకోసం పిల్లలు కొండెక్కారు. ప్రతి ఇంట్లో గరగరమని కడవలు మోగాయి.

కానీ కడవైతే తేటపడింది, వాగు సంగతేమిటని సుంకులమ్మ అడిగింది. కుమ్మరులంతా కదిలారు. పారలు తీసుకుని కొండెక్కి, కొట్టిన ప్రతిచోటా మళ్ళీ నాటారు. చెట్లు ఎదిగి వేళ్ళు మట్టిని పట్టుకున్నాక, చేపల పొలుసులు మళ్ళీ కనిపించాయి.

అప్పటినుంచే చిల్లగింజ అరిగిన బిళ్ళలా చదునుగా పుడుతోంది. అప్పటినుంచే దాన్ని కడవలో నాలుగు తిప్పులు అరగదీస్తే, ఎంత బురదైనా పోట్లాట మాని కూర్చుంటుంది. ఎందుకూ కొరగానిదని ఇప్పుడు దాన్నెవరూ అనరు. కొత్తగా కాసిన చింతగింజైతే అసలే అనదు.